టెస్ట్ అని రాసిన కేసెట్

ఆ కెమేరా మా గుమ్మంలో అడుగుపెట్టిన రోజే చెప్పాను, ఇది నాకు సవతి అని. అప్పుడు నాకు గొంతుండేది కాబట్టి వీధి చివరి దాకా వినపడేలా చెప్పాను. ఇప్పుడు గొంతు లేదు, నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రాయడంలో ఒక్కటే సుఖం, మధ్యలో ఎవరూ "ఇక ఆపవే" అనరు.

నా పేరు సుమతి. మాది భీమిలి పక్క. పెళ్లి చేసుకుని ఈ భిలాయి సెక్టర్ సెవెన్ క్వార్టర్‌కి వచ్చి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. మా ఆయన సత్యరాజు స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి, ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, మా ముందుగదిని వీడియో స్టూడియో చేశాడు. దుర్గ్, ఉతై, ఇటు సుపేలా దాకా ఎవరింట పెళ్లి జరిగినా వీడియోకి ఆయన్నే పిలిచేవాళ్లు. మనిషి నెమ్మది. పనిలో పడితే ఆకలి కూడా తెలియదు.

నా గొంతు సంగతి కూడా చెప్పాలి, గొప్ప కోసం కాదు. మా తెలుగు చర్చిలో కరెంటు పోయి మైకు ఆగిపోతే పాస్టరుగారు "సుమతమ్మా, వాక్యం మీరు చదవండి" అనేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి మా ఆయన్ని అన్నానికి పిలవాలంటే మూడు కేకలు పెట్టాలి. మొదటిది ఆయనకి వినపడదు, రెండోదానికి "ఊఁ" అంటాడు, మూడోదానికి లేస్తాడు. నా మూడో కేకకి తమ ఇంట్లో ఆయన కూడా చేతులు కడుక్కుంటున్నాడని పక్క క్వార్టర్ ఛాయ దీదీ ఎగతాళి చేసేది.

కెమేరా 2006 మార్చిలో వచ్చింది. రాష్ట్రం కొత్తది, రాయపూర్ రాజధాని అయి ఐదేళ్లు దాటింది, జనానికి పెళ్లిళ్లలో డాబు పెరిగింది. ఎవరి ఇంట్లోనూ హెచ్‌డీ టీవీ లేదు గానీ పెళ్లి వీడియో మాత్రం అందరికీ హెచ్‌డీలోనే కావాలి. మా ఆయన నాగపూర్ వెళ్లి ఈ కెమేరా కొని, దుర్గ్ స్టేషన్ నుంచి ఇంటి దాకా పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పాతది భుజం మీద మోసే గాడిద బరువు. ఇది రెండు జానలు లేదు.

"ఇంత చిన్నదానికి అంత సంబరమేటయ్యా?" అన్నాను.

"చిన్నదే గానీ పనిమంతురాలే. ఇదిగో, ఈ రింగు తిప్పితే ఫోకస్సు మన చేతిలో ఉంటాది, దాని ఇష్టం కాదు. వెలుగు ఎక్కువైన కాడ తెర మీద చారలు పడతాయి, జీబ్రా అంటారు. ఇటు చూడు, పెద్ద కెమేరాలకున్నట్టే మైకుకి రెండు చానళ్లు. దేనికి దానికి వేరే చక్రం. సౌండు ఎంత కావాలో మనమే పెట్టుకోవచ్చు."

"నా సౌండుకి చక్రం లేదు, తెలుసు గదా?" అన్నాను.

నవ్వాడు. కొత్త కేసెట్ పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ పూటంతా ఇల్లు తిరిగాడు. నేను వంకాయలు తరుగుతుంటే నా చేతులు తీశాడు. గ్యాస్ బండ తేలేదని తిడుతుంటే అదీ తీశాడు. పాట పాడమంటే మా అమ్మ పాడే జోలపాట నాలుగు చరణాలు పాడి, మా పెళ్లిలో వీళ్ల పెదనాన్న చేసిన రగడ అంతా అభినయించి చూపించాను. పోపులో జీలకర్ర చిటపటలు కూడా పడుతున్నాయని మురిసిపోయాడు. తర్వాత ఆ కేసెట్ మీద టెస్ట్ అని రాసి సొరుగులో పడేశాడు. మేమిద్దరం దాన్ని మర్చిపోయాం.

పెళ్లిళ్ల సీజను మొదలయ్యాక ఆ రెండు చక్రాల గతి వేరే అయింది. పెళ్లి వీడియోలో మాటలు ఎవరికీ అక్కర్లేదు. బ్యాండు మేళం పక్కనే మోగుతుంటే మైకు బొంగురుపోతుంది. ఎలాగూ మిక్సింగులో మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేసేస్తారు. అందుకని ఈ వ్యాపారంలో అందరూ చేసేదే ఆయనా చేశాడు. రెండు చక్రాలూ సున్నాకి తిప్పి, జనం తోపులాటలో కదలకుండా పైన సెల్లోటేపు అంటించాడు. హెడ్‌ఫోన్ మేకుకి తగిలించాడు. ఏడాది పొడుగునా అది అక్కడే వేలాడింది, నేను దుమ్ము దులుపుతూ ఉండేదాన్ని.

ఆ చలికాలంలో నా గొంతు బొంగురుపోయింది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు వల్ల అనుకున్నాం. మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. జనవరి దాటినా తగ్గకపోతే రాయపూర్ తీసుకెళ్లారు. అక్కడి పెద్ద డాక్టరు కాగితం మీద గొంతు బొమ్మ గీసి, మధ్యలో చిన్న పెట్టెలా ఉన్నదాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడు. గడ్డ పాకింది, ఆ పెట్టె మొత్తం తీసేయాలి అన్నాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. మాట సంగతి అడిగితే బొమ్మ వైపు చూస్తూ, మాట ఉండదమ్మా అన్నాడు.

తిరుగు రైల్లో నేను ఏడవలేదు. ఏడ్చింది మా అమ్మాయి మెర్లిన్. దుర్గ్‌లో కాపురం, అప్పటికి ఐదో నెల. భిలాయిలో పుట్టి పెరిగింది కదా, దానికి ఏడుపు కూడా హిందీలోనే వస్తుంది. "మమ్మీ, మేరా బచ్చా తుమ్హారీ ఆవాజ్ నహీ సునేగా?" అని నా ఒళ్లో తల పెట్టింది. నా బిడ్డ నీ గొంతు వినదా అని. 

దానికి జవాబు వాళ్ల నాన్నే చెప్పాడు. "వింటాదమ్మా. నేను తీస్తాను గదా. మీ మమ్మీ ఏటి చెప్పుకోవాలంటే అది చెప్పుకుంటాది, ఎన్నేళ్లయినా చెక్కు చెదరకుండా ఉంటాది. ఇన్నాళ్లూ అందరి ఇళ్లల్లో తీసినాను, మనింట్లో తియ్యలేనా?"

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. పోయేది పోతుంది, టీవీ పెట్టెలోనైనా ఉంటాను అనుకున్నాను. ఆ వారమంతా అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ ఏం చెప్పాలో లోపల లోపలే కూర్చుకున్నాను.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పదకొండింటికి జీపు వస్తుందన్నారు. పొద్దున్నే ఆయన పని మొదలెట్టాడు. నన్ను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ అటు జరిపాడు, ఇటు జరిపాడు. తెల్ల తువ్వాలు నా ముఖం ముందు పట్టి రంగులు సరిచేశాడు. నా నుదుటి మీద జీబ్రా చారలు పడుతున్నాయని కర్టెన్ వేశాడు, తీశాడు, సగం వేశాడు. రింగు తిప్పుతూ, "నీ కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చే" అన్నాడు. ఆ చిన్న తెర మీద అంకెలు, గీతలు అన్నీ అడ్డంగా ఉన్నాయని, నా ముఖం నిండుగా కనపడాలని, అవన్నీ ఆపేశాడు. సౌండు పడుతోందో లేదో చూపించే గీతలు కూడా వాటిలోనే ఉంటాయట. అది నాకు తర్వాత తెలిసింది.

అంతా అయ్యాక చూసుకుంటే కొత్త కేసెట్ లేదు. పెళ్లిళ్ల సీజను, ఉన్నవన్నీ అయిపోయాయి.

"బజారుకెళ్లి పావుగంటలో వచ్చీస్తాను," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏటయ్యా, ఇప్పుడు బజారా? జీపు వచ్చీ టైమవుతంది. ఈ సొరుగులో ఏటీ లేదా?" అని లేచి నేనే వెతికాను. నేనే. చేతికొక కేసెట్ తగిలింది, తీసి ఇచ్చాను. "ఇదుంది గదా. టెస్టని ఉంది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆఁ, ఇందులోది పనికొచ్చేది కాదులే, దీని మీద తీసీవచ్చు," అని మొదటికి చుట్టి కెమేరాలో పెట్టాడు.

మెర్లిన్‌ని బయటికి పంపేశాను, అది ఏడిస్తే నేను చెప్పలేను. తలుపు వేసి మాట్లాడటం మొదలుపెట్టాను. గొంతు జీరగా ఉన్నా నాదే. పుట్టబోయే బిడ్డకి మా అమ్మ జోలపాట పాడాను. మీ అమ్మ చిన్నప్పుడు ప్లాంటు సైరన్ మోగితే నా కొంగులో దాక్కునేది అని చెప్పాను. మెర్లిన్‌కి బాలింత పథ్యం చెప్పాను, మొగుడి మీద అలిగినా అన్నం మీద అలగొద్దని చెప్పాను. చివర్లో ఆయన వంక చూసి, ఇన్నేళ్ల కాపురంలో చెప్పని మాట ఒకటి చెప్పాను. అది ఇక్కడ రాయను. కెమేరా వెనక ఆయన భుజాలు కదిలిపోతున్నాయి, అయినా చెయ్యి మాత్రం కదలలేదు. ముప్పై ఎనిమిది నిమిషాలు తీశాడు.

ఆ రెండు చక్రాల మీద సెల్లోటేపు అలాగే ఉంది. హెడ్‌ఫోన్ మేకుకే వేలాడుతోంది.

మర్నాడు ఆపరేషన్ అయింది. మూడు వారాలకి మెడలో చిన్న కన్నంతో, చేతిలో పలకతో ఇంటికొచ్చాను. మెడకి ఆనించుకుంటే మాట పలికించే యంత్రం ఒకటి చూపించారు. దానిలోంచి వచ్చిన గరగర విని ఛీ అని తోసేశాను. నా గొంతు నా ఇంట్లో కేసెట్‌లో ఉంది, నాకు ఈ ఇనప గొంతు దేనికి?

మెర్లిన్ ఆదివారం వచ్చి, "డాడీ, మమ్మీ వీడియో లగావో నా" అని పెట్టమంది. కేబుల్ ఎక్కడో పెట్టాను అన్నాడు. తర్వాతి ఆదివారం అడిగితే కెమేరా హెడ్డు శుభ్రం చేయాలి అన్నాడు. ఆ రోజుల్లో మనిషి నేను కనుసైగ చేస్తే చాలు లేచి నిలబడేవాడు, గ్యాస్ బండ అడగకుండా తెచ్చేవాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

మూడో ఆదివారం మెర్లిన్‌తో చర్చి నుంచి రాగానే నేనే సొరుగు లాగాను. కేబుల్ ఎదురుగానే ఉంది. మూడు రంగుల పిన్నులు టీవీకి గుచ్చి, కెమేరాలో కేసెట్ పెట్టి బటన్ నొక్కాను. "సుమతీ, వద్దే," అన్నాడు మా ఆయన. అప్పటికే నా ముఖం తెర నిండా వచ్చింది.

ఎంత బాగా తీశాడో! నా ముక్కుపక్క మచ్చ, రెప్పల మీద తడి, జాకెట్టు అంచు దారం పోగు, అన్నీ. నా పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. టీవీ మూగలో ఉందేమోనని రిమోటు నొక్కాను. సౌండు పచ్చ గీతలు పెరిగి పెరిగి చివరికి వెళ్లాయి. టీవీలోంచి ఉత్త గాలి హోరు వస్తోంది. పిన్నులు పీకి మళ్లీ గుచ్చాను. అప్పుడు వెనక్కి తిరిగి ఆయన్ని చూశాను.

గోడకి జారగిలబడి నేల మీద కూర్చున్నాడు. "చక్రాలు తిప్పడం మర్చిపోయానే. పెళ్లికని సున్నాలో పెట్టి టేపు అంటించినాను. నీ మొఖం చూసుకుంటా ఉండిపోయాను గానీ, సౌండు ఒకటుంటాదని నాకు గేనమే లేదు. ఇంటికొచ్చినాక కంప్యూటర్లో ఎక్కిద్దామని పెడితే తెలిసింది. రెండు నిమిషాలు చూసి ఆపీసినాను. నా చేతులు ఇరిగిపోనూ!"

నేను ఆయన మీద పడ్డాను. రెండు చేతులతో గుండెల మీద గుద్దాను. నోరు తెరిచి ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టాను. మెడ కన్నంలోంచి బుస్సుబుస్సుమని గాలి వచ్చింది, అంతే. ఇన్నాళ్లూ చెప్పులు లోపలికి తెచ్చాడని తిట్టాను ఆ మనిషిని, ఉప్పు డబ్బా మూత పెట్టలేదని తిట్టాను, ఏ కారణమూ దొరక్కపోతే కారణం లేకుండా తిట్టాను. తిట్టాల్సిన తప్పు చేసిన నాడు నా నోట్లో మాట లేదు. అంత ఏడుపు నాకు ఆపరేషన్ రోజున కూడా రాలేదు.

తెర మీద నేను మాట్లాడుతూనే ఉన్నాను. మెర్లిన్ టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని నా పెదాలు చూస్తోంది. "మమ్మీ, క్యా బోల్ రహీ హో? ఇక్కడ ఏంటి చెప్పావు?" పలక మీద రాయబోయాను. నేను ఒక ముక్క రాసేలోపు తెర మీది నేను నాలుగు ముక్కలు దాటిపోతున్నాను. చెరిపి మళ్లీ రాస్తే అదీ దాటిపోయింది.

మా ఆయన, "నువ్వు రాసియ్యి సుమతీ. మెర్లిన్ చదువుతాది. నేను నీ పెదాలకి సరిగ్గా అతికించీగల్ను, తేడా తెలీదు," అన్నాడు.

పలక తీసి విసిరేశాను. గోడకి తగిలి రెండు ముక్కలైంది. నా నోటికి ఇంకొకరి గొంతు అతికిస్తాడట, బరాత్‌కి సినిమా పాట అతికించినట్టు.  టీవీ ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. మూగ బొమ్మ అలా ఆడుతూనే ఉంది. చివరి మాట చెప్పి తెర మీద నేను కళ్లు తుడుచుకున్నాను. బొమ్మ ఆగింది. తెర నీలం అయింది.

ఉన్నట్టుండి ఇల్లు దద్దరిల్లింది. టీవీ సౌండు చివరిదాకా పెంచి వదిలేశాను కదా. కుక్కరు విజిలు, గిన్నెల చప్పుడు, తెర మీద మా వంటింటి కర్టెన్. ఆ కర్టెన్ వెనక నుంచి ఎవరో ఆడమనిషి కేక.

"ఇక చాల్లే, ఆ డబ్బా కట్టీసి అన్నానికి రా! చారు చల్లారిపోతంది. ఏటయ్యా, ఇనబడతందా?"

అక్కడితో అయిపోయింది. మళ్లీ నీలం తెర.

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఎవరీ గయ్యాళి అనుకున్నాను. నా గొంతు బయట నుంచి అలా ఉంటుందని నాకేం తెలుసు? "మమ్మీ!" అని మెర్లిన్ అరిచేదాకా అది నేనేనని తెలియలేదు. పక్క క్వార్టర్ నుంచి ఛాయ దీదీ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి నా మెడ వంక చూస్తోంది. నాకు మాట వచ్చేసింది అనుకుందట, పాపం.

మా ఆయన మెల్లగా లేచాడు. ఖాళీ కేసెట్ పెట్టె తీసి దాని మీద రాసింది చదివాడు. నేను కూడా చదివాను. కెమేరా వచ్చిన రోజు తీసినది, చక్రాలు రెండూ పూర్తిగా తెరిచి తీసినది. గ్యాస్ బండ తిట్లు, జోలపాట, పెదనాన్న రగడ, అన్నీ ఆ కేసెట్‌లో నా గొంతుతో ఉండేవి. వాటి మీదే మూగ బొమ్మ తీశాం. మూగ బొమ్మ కంటే పాతది పన్నెండు సెకన్లు పొడుగు, ఆ పన్నెండు సెకన్లు మిగిలాయి.

సొరుగులోంచి దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది నేను. ఆయన నా వంక చూశాడు. ఆయనకీ గుర్తొచ్చిందని నాకు తెలిసింది. కానీ ఆ మాట అనలేదు. ఆ రోజు అనలేదు, ఇప్పటి దాకా ఒక్కసారి అనలేదు. అన్నా బాగుండేది, నాకు కొంచెం బరువు తగ్గేది.

ఆ పన్నెండు సెకన్లకి ఐదు కాపీలు తీశాడు. ఒకటి మెర్లిన్ దగ్గరుంది. మనవరాలు ఏంజెలాకి ఇప్పుడు రెండో ఏడు. దానికి హిందీ తప్ప రాదు, తెలుగులో ఒకే ముక్క వచ్చు. నన్ను చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఏటయ్యా, ఇనబడతందా?" అంటుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, చప్పుడు రాదు గనక ఏడుపో నవ్వో ఎవరికీ తెలియదు.

ఆయన పెళ్లి వీడియోలు మానలేదు. బ్యాండు వాళ్ల పక్కన కూడా ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకునే తీస్తాడు, ఎవరికీ అక్కర్లేని మాటలన్నీ రికార్డు చేస్తాడు.

రోజూ ఒంటిగంటకి నేను అన్నం వార్చి, కంచం మీద గరిటెతో టకటకా కొడతాను. ఆయన రాడు. ముందుగదిలో కంప్యూటర్ బటన్ నొక్కిన చప్పుడు వస్తుంది. కుక్కరు విజిలు వేస్తుంది, ఆ గయ్యాళి కేకలేస్తుంది. ఒకప్పుడు మూడు కేకలైతే గానీ లేవని మనిషి ఇప్పుడు మొదటి కేకకే కుర్చీ జరుపుతాడు. నాకు దాని మీద మండిపోతుంది. చారు పెట్టింది నేను, కంచం మోగించింది నేను, పిలుపు మాత్రం దానిది. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటాను. "ఏటయ్యా, ఇనబడతందా?" అని అది అడుగుతుంది.

"ఇనబడతందే," అంటాడు ఆయన, దానితో. "వస్తన్నాను."